దొడ్డమ్మ వీధి అని రాయించాం

మొన్న ఆగస్టు 29 నాటికి మా వీధి మలుపులో, మేం మౌసా అని పిలిచే ఒడియా పెద్దాయన ప్రహరీ గోడ మీద, వీధికి పెద్దదిక్కుగా ఉండి పోయిన దొడ్డమ్మ పేరు రాయించాం. నీలం రంగు పూసిన చోట తెల్లటి అక్షరాలు, పైన ఒడియాలో ఒక వరస, కింద తెలుగులో ఒక వరస, రెండూ ఒకే సైజు. ఒడియాలో బొడొమా సాహి, తెలుగులో దొడ్డమ్మ వీధి. ఫొటో లేదు, పుట్టిన తేదీ, పోయిన తేదీ లేవు, చందాలిచ్చినవాళ్ళ పేర్లు లేవు. ఇంత చిన్న పనికి మాకు ఏడాదిన్నర పట్టింది. ఎన్ని మాటలు అనుకున్నామో, ఎన్నిసార్లు పని ఆగిపోయిందో, చివరికి ఎందుకు ఇలాగే రాయించామో మర్చిపోకముందే రాసి పెట్టాలనిపించింది. మా ఒడిశా బరంపురం వాళ్ళకి ఇందులో కొన్ని సంగతులు తెలిసినవే, కానీ శ్రీకాకుళం దాటి అవతల ఉన్నవాళ్ళకి మేం ఇక్కడ ఎలా బతుకుతామో అంతగా తెలీదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నాది జిరాక్స్ షాపు. పొద్దున్న లేస్తే నా చేతుల మీంచి వెళ్ళేవన్నీ అడ్రసులే. ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, వీటన్నిట్లో మా వీధికి ఉన్న పేరు వేరు. పక్కనున్న పెద్ద వీధి పేరు రాసి, తర్వాత లేన్ అని రాసి, ఒక అంకె వేస్తారు. ఆ పేరుని కాగితం మీద కొన్ని వేలసార్లు చూశాను గానీ ఒక్క మనిషి నోట్లోంచి వినలేదు. ఆటో అబ్బాయికి చెప్పాలన్నా, శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళకి దారి చెప్పాలన్నా, గ్యాస్ బండ తెచ్చేవాడికి ఫోన్లో అరిచి చెప్పాలన్నా 'దొడ్డమ్మ వీధి' అనే. ఆవిడ ఉన్నప్పుడూ అదే, పోయాకా అదే.

దొడ్డమ్మ ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. ఏ సంఘానికీ ప్రెసిడెంటు కాదు. సోంపేట పక్క పల్లె నుంచి పదిహేడేళ్ళ వయసులో ఇక్కడికి కోడలుగా వచ్చింది. మాది నేతవాళ్ళ వీధి. బరంపురం పట్టు చీర అంటే తెలిసినవాళ్ళకి తెలుసు, అంచు వెంబడి గుడి గోపురాల్లా కోసుగా లేచే ఫోడా కుంభ అనే నేత ఉంటుంది, దానికి జీఐ, అంటే ఈ ఊరి సరుకే అన్న గుర్తింపు కూడా ఉంది. ఆ పట్టు నేసే దేరా కులం వాళ్ళు మూడొందల ఏళ్ళ కిందట రాజమండ్రి వైపు నుంచి, ఇక్కడి మహురీ రాజుగారు పిలిస్తే వచ్చారని పెద్దలు చెబుతారు. దొడ్డమ్మ భర్త గుంట మగ్గం మీద నేసేవాడు, నలభై నిండకుండానే పోయాడు. ఆవిడ ఇళ్ళిళ్ళా తిరిగి కండెలు చుట్టి, ఆసు పోసి, ఇద్దరు కొడుకుల్ని పెంచింది. ఆ పనితో పాటే వీధి బాధ్యత కూడా ఆవిడ మీద పడింది. ఎవరు అప్పజెప్పారో, ఎప్పుడు అప్పజెప్పారో అడిగితే ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఆ పిలుపు సంగతి కూడా చెప్పాలి. మా ఇళ్ళల్లో పెద్దనాన్న భార్యని, అమ్మ అక్కని దొడ్డమ్మ అంటాం. ఒడియా వాళ్ళ ఇళ్ళల్లో పెద్దనాన్న భార్యని బొడొమా అంటారు. దొడ్డ అన్నా బొడొ అన్నా పెద్ద అనే. మా వీధిలో రెండు భాషల ఇళ్ళూ ఉన్నాయి, ఒక గోడకి ఇటు మేము, అటు వాళ్ళు. ఇటు పిల్లలు దొడ్డమ్మా అని పిలిచారు, అటు పిల్లలు బొడొమా అని పిలిచారు. ఎవరూ కూర్చుని అనువాదం చెయ్యలేదు, ఎవరి ఇంటి మాటతో వాళ్ళు ఒకే చోటికి వచ్చారు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళు తట్టలేదు, గోడ మీద ఏం రాయాలా అని కొట్టుకున్నప్పుడే తట్టింది.

ఆవిడ చేసిందేమిటి అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. నేను ముందు ఇటుకల సంగతి చెబుతాను. బరంపురంలో నీళ్ళ కష్టం ఎలాంటిదో ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా చిన్నప్పుడు వీధికంతటికీ ఒకటే కుళాయి, తెల్లవారుజామున నీళ్ళు వచ్చేవి, గంట కూడా ఉండేవి కాదు. బిందెలతో కొట్టుకుని తలలు పగిలిన రోజులు కూడా ఉన్నాయి. ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. రాత్రి పడుకునే ముందు ఇంటికో ఇటుక తెచ్చి కుళాయి దగ్గర వరసలో పెట్టాలి, ఆ ఇటుకే ఆ ఇంటి బిందె. ఇటుక మీద సున్నంతో గుర్తు ఉంటుంది, మాది మూడు చుక్కలు. రోజూ వరస ఒక ఇటుక ముందుకి జరుగుతుంది, నిన్న మొదట పట్టుకున్నవాళ్ళు ఇవాళ చివరికి వెళ్తారు. ఎవరింట్లోనైనా బాలింత ఉంటే, మంచం పట్టిన ముసలివాళ్ళు ఉంటే వాళ్ళ ఇటుక మాత్రం కదలదు, ముందే ఉంటుంది. ఆవిడ ఇటుకా కదిలేది కాదు, ఎప్పుడూ చిట్టచివర్నే ఉండేది. కొన్ని రోజులు అక్కడిదాకా నీళ్ళు వచ్చేవి కావు, అప్పుడు ఖాళీ బిందె చంకన పెట్టుకుని మౌనంగా వెళ్ళిపోయేది, ఎవరైనా మా బిందె తీసుకో దొడ్డమ్మా అన్నా తీసుకునేది కాదు. నాయకులు అన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ చివరి ఇటుకే కళ్ళ ముందుకొస్తుంది.

వీధి కింది కొసన ఉన్న ఇళ్ళ ఇటుకలు అంతకుముందు వేరే వరసలో ఉండేవట, మిగతావాళ్ళు పట్టుకున్నాకే వాళ్ళు. ఆవిడ రెండు వరసల్నీ కలిపేసింది. ఆ రోజు గొడవ ఎంత పెద్దదయిందో మా అమ్మ చెప్పేది. రెండు రోజులు ఎవరూ నీళ్ళు పట్టుకోలేదట, మూడో రోజు తెల్లారేసరికి ఇటుకలు ఒకే వరసలో ఉన్నాయట.

1999లో అందరికీ గుర్తున్నది అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్. మాకు మాత్రం దానికి పన్నెండు రోజుల ముందు, అక్టోబరు 17న, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుఫాను గుర్తుంటుంది. పెంకులు గాల్లో పిట్టల్లా ఎగిరాయి. ఆ రోజు వీధిలో ఎవరూ ముందు జాగ్రత్త పడలేదు, ఎవరింట్లో వాళ్ళు మంచాల కింద దూరారు. ఆవిడ అది మనసులో పెట్టుకుంది. 2013లో ఫైలిన్ వస్తోందని రేడియోలో, టీవీలో మొదలుపెట్టగానే, అది దసరా రోజులు, ఇంటికి పిండివంటలు చేసుకునే టైం, ఆవిడ నోట్‌బుక్ ఒకటి పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కింది. రేకుల ఇళ్ళెన్ని, పెంకుటిళ్ళెన్ని, నడవలేనివాళ్ళెంతమంది, మందులు వాడేవాళ్ళెవరు. అక్టోబరు 12 మధ్యాహ్నానికల్లా అరవై మూడు మందిని రెండు స్లాబు ఇళ్ళల్లోకి చేర్చింది, అందులో ఒకటి మౌసా వాళ్ళదే. ఒక ముసలాయన మగ్గం మీద సగం నేసిన చీర వదిలి రానని మొండికేశాడు. ఆవిడ కేకలెయ్యలేదు, గుంటలోకి దిగి, నేసినంత మేర కోయించి, మిగిలిన పడుగు తన చేత్తోనే చుట్టి పాలిథిన్ సంచిలో పెట్టి, సంచి ఆయన ఒళ్ళో పెట్టి, ఇప్పుడు రా బావా అంది. ఆ రాత్రి గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, మాకు పదహారు కిలోమీటర్ల దూరం. రాత్రంతా ఆవిడ టార్చి వేసుకుని తలలు లెక్కపెడుతూనే ఉంది, నేను చూశాను, పది నిమిషాలకోసారి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. ఒడిశా మొత్తం మీద ఆ తుఫానుకి దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారని, అందుకే ప్రాణనష్టం అంత తక్కువని పేపర్లో వచ్చింది, నిజమే, ప్రభుత్వం గొప్పగా చేసింది. ఆ పది లక్షల్లో మా అరవై మూడు మంది ఉన్నారో లేదో గానీ, వాళ్ళని లెక్కపెట్టిన మనిషి మాకు తెలుసు.

కూలి డబ్బుల పంచాయితీలు ఎన్ని తీర్చిందో రాయాలంటే ఇంకో పోస్టు కావాలి. ఒక షావుకారు నేతకూలి నాలుగు నెలలు ఆపేస్తే, ఆయన షాపు మెట్ల మీద కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కండెలు చుట్టుకుంటూ ఉండిపోయింది, ఒక్క మాట అనలేదు, వచ్చే పోయే కొనుగోలుదార్లకి జరిగి దారి ఇచ్చేది. మూడో రోజు డబ్బులొచ్చాయి.

2020 సంగతి మాత్రం వదలలేను. మా గంజాం జిల్లా కుర్రాళ్ళు సూరత్ పవర్‌లూముల్లో ఎన్ని వేలమంది ఉంటారో ఈ జిల్లాలో ఏ ఇంటినడిగినా చెబుతారు. లాక్‌డౌన్ తర్వాత వాళ్ళందరూ ఒక్కసారిగా తిరిగొచ్చారు, జిల్లాలో కేసులు పెరిగాయి, భయం పెరిగింది. స్కూళ్ళల్లో క్వారంటైన్ పెట్టారు. మా వీధి కుర్రాళ్ళు అయిదుగురు అలా వచ్చారు. వాళ్ళ ఇళ్ళవైపు చూడ్డం మానేశారు కొందరు, పాలవాడు కూడా గుమ్మంలో ఆగలేదు. అప్పటికి ఆవిడకి డెబ్బై దాటాయి. ముక్కుకి చీర కొంగు కట్టుకుని ఆ అయిదిళ్ళ అరుగుల మీదా రోజుకో అరుగున కూర్చునేది, కాస్త దూరంగానే, కానీ అందరికీ కనిపించేలా. చూసినవాళ్ళకి సిగ్గేసింది. వారం తిరక్కుండా పాలవాడు ఆగడం మొదలుపెట్టాడు.

ఇంకొకటి. ఆవిడకి తెలుగు చదవడం వచ్చు, ఒడియా రాదు. రేషన్ షాపు ముందు నోటీసు ఒడియాలో ఉంటుంది, మీటింగు నోటీసు ఒడియాలో ఉంటుంది, చదివి చెప్పమని ఎవరినో ఒకరిని అడగాలి, వాళ్ళు చెప్పిందే నమ్మాలి. నలభై దాటాక పక్కింటి రెండో తరగతి పిల్ల దగ్గర పలక పెట్టుకుని గుండ్రటి ఒడియా అక్షరాలు దిద్దుకుంది. ఆ పిల్లకి బదులుగా తెలుగు నేర్పింది. ఆ పిల్ల ఇప్పుడు నర్సు, ఒడియా ఇంటి పిల్ల, తెలుగు చదువుతుంది. మా తెలుగు ఇళ్ళల్లో పుట్టిన పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఈ మాట రాస్తుంటే బాధగానే ఉంది, నా కొడుకు కూడా అంతే.

ఆవిడ కిందటేడాదికి ముందు ఏడు కార్తీకంలో పోయింది. పన్నెండో రోజు భోజనాల దగ్గర ఎవరో అన్నారు, వీధికి ఆవిడ పేరు పెట్టిద్దాం అని. అందరూ ఊఁ అన్నారు. అలా ఊఁ అనడం తేలిక.

నేనే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి అడిగాను. అక్కడ ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. వీధి పేరు నిజంగా మార్చాలంటే తీర్మానం కావాలి, రికార్డుల్లో మారాలి, ఆ తర్వాత ఆ వీధిలో ఉన్నవాళ్ళ కాగితాలన్నీ ఆ పేరుకి సరిపోవాలి. ఆయన చెబుతుంటే నాకు నా షాపు కౌంటరు కనిపించింది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే పెన్షన్ ఆగిపోయి మూడుసార్లు తిరిగిన ముసలమ్మల్ని చూస్తున్నాను రోజూ. మాది తెలుగు పేర్లు ఒడియాలో రాసి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చిన ఊరు, ఒకే మనిషి పేరు మూడు కార్డుల్లో మూడు రకాలుగా ఉంటుంది. ఇప్పుడు అడ్రసు కూడా మార్చామంటే నూటపాతిక ఇళ్ళవాళ్ళు లైన్లో నిలబడాలి. జీవితమంతా లైన్లో జనం నలిగిపోకుండా చూసిన మనిషి పేరు చెప్పి జనాన్ని లైన్లో నిలబెడతామా? నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంటికొచ్చి కొన్నాళ్ళు ఆ ఊసే ఎత్తలేదు.

దారి చూపించింది మా అక్క కొడుకు. వాడు షికాగోలో ఉంటాడు. అక్కడ వీధి పేరున్న ఆకుపచ్చ పలక అలాగే ఉంచి, దాని దగ్గరే బ్రౌన్ రంగు పలక ఒకటి పెడతారట, ఆ పేటకి మేలు చేసిన మనిషి పేరుతో. అది గౌరవం కోసం పెట్టిన పేరు, అంతే. ఉత్తరాల మీద, మ్యాపుల మీద, పన్ను కాగితాల మీద పాత పేరే నడుస్తుంది. న్యూయార్కులో కూడా పాత పేరు తియ్యకుండా రెండో పేరు జత చేస్తారట. వాడు నాలుగైదు ఫొటోలు పంపించాడు. ఒక మామూలు సందు మొదట్లో, ఫోర్లేన్ రోడ్డు కాదు ఏం కాదు, స్తంభానికి ఆ బ్రౌన్ పలక. ఆ ఫొటో ప్రింటు తీసి షాపులో అతికించాను. వచ్చినవాళ్ళందరికీ చూపించి, ఇలా సింబాలిక్‌గా పెట్టుకుంటే ఎవరి ఆధార్ కార్డూ మార్చక్కర్లేదు అని చెప్పేవాణ్ణి. అప్పుడు మళ్ళీ పని కదిలింది.

కదిలాక అందరూ వచ్చారు. ఒకాయన గ్రానైట్ పలక తానే చేయిస్తానన్నాడు, ఖర్చంతా తనదే, కింద తన ఫొటో, పేరు ఉండాలి. ఆయన పేరు రాయను, మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఆ పలక నమూనా చూస్తే ఆయన ఫొటో దొడ్డమ్మ పేరుకి రెండింతలుంది. వద్దని చెప్పాం. కొందరికి కోపం వచ్చింది, ఫ్రీగా వచ్చేదాన్ని వదులుకుంటారా అని. అవును, వదులుకున్నాం. ఇంటికి ఇరవై రూపాయల చొప్పున తీసుకున్నాం, అంతకంటే ఎక్కువ ఇస్తానన్నా తీసుకోలేదు.

తర్వాత అసలు పేరు గొడవ. ఓటరు కార్డులో ఆవిడకి ఒక పేరుంది. పెద్ద కొడుకు కూడా ఒకసారి కార్డు తీసి చూసి చెప్పాల్సి వచ్చింది. మా పెద్దల్లో కొందరు ఆ పేరే పెట్టాలన్నారు, ముందు శ్రీమతి, వెనక స్మారక మార్గము అని. దొడ్డమ్మ అని రాస్తే మర్యాదగా ఉండదట, ఇంట్లో పిలుచుకునే మాట గోడ మీద ఏమిటి అని. ఈ వాదన దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను, ఇప్పటికీ నిలబడతాను.

దానికి కారణం గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన మన సరిహద్దు మనిషి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు, బతుకులో ఎక్కువ భాగం పర్లాకిమిడిలో గడిపాడు, ఇప్పుడది ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. నోటితో మాట్లాడే తెలుగునే కాగితం మీద రాయాలని పండితులందరితో పోరాడాడు. కొండల్లో సవరల దగ్గరికి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. అలాంటి మనిషి తిరిగిన సరిహద్దులో ఉండి, నోరారా దొడ్డమ్మ అని పిలిచి, గోడ మీద మార్గము అని రాస్తామా? మార్గము అని మన వీధిలో ఎవరు అంటారు? ఈ మాట అన్నాక ఒక తాతగారు చాలాసేపు ఊరుకుని, అయితే ఆ రోజుకే రాయించండి అన్నారు. ఆగస్టు 29 అలా వచ్చింది.

ఇంకో మాట దేశీబెహెరా వీధి నుంచి దొరికింది. మా ఊళ్ళో బుఢీ ఠాకురాణీ యాత్ర రెండేళ్ళకోసారి చైత్రంలో జరుగుతుంది. అప్పుడు అమ్మవారు గుడి నుంచి పుట్టింటికి వస్తుంది, ఆ పుట్టిల్లు దేశీబెహెరా వీధిలో వేసిన పందిరి. రాత్రిళ్ళు ఆడవాళ్ళు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరుగుతారు, మొక్కుకున్నవాళ్ళు వేషాలు వేసుకుని వస్తారు, ఊరు నిద్రపోదు. ఇంతకీ దేశీబెహెరా అన్నది ఒక మనిషి పేరు కాదు. దేరా వాళ్ళ కులపెద్దని అలా పిలుస్తారు. ఒకరు పోతే ఇంకొకరు, మనుషులు మారుతుంటారు, పిలుపు మారదు, వీధి పేరూ మారదు. దొడ్డమ్మ కూడా అలాంటి పిలుపే కదా. రేపు మా వీధిలో ఇంకొకామె చివరి ఇటుక తనదిగా పెట్టుకుంటే పిల్లలు ఆమెనీ దొడ్డమ్మ అనే అంటారు.

గిరి రోడ్డు సంగతి కూడా మా మాటల్లో వచ్చింది. బరంపురంలో రోజూ ఎన్నిసార్లు గిరి రోడ్డు అంటామో లెక్కలేదు. వి.వి. గిరి గారు ఈ ఊళ్ళోనే 1894 ఆగస్టు 10న తెలుగు ఇంట్లో పుట్టారు, తండ్రి జోగయ్య పంతులు ఇక్కడే లాయరు. గిరి గారు రైల్వే కార్మికుల సంఘాలు కట్టి, 1969 నుంచి 1974 దాకా దేశానికి రాష్ట్రపతిగా ఉన్నారు, 1975లో భారతరత్న వచ్చింది. షాపుకొచ్చిన కాలేజీ పిల్లల్ని అడిగాను, గిరి ఎవరమ్మా అని. ఆరుగురిలో ఒక్కడు చెప్పాడు. అంత పెద్ద మనిషికే ఇలా అయితే మా దొడ్డమ్మ ఎన్నాళ్ళు గుర్తుంటుంది అని ఒక మిత్రుడు దిగులుపడ్డాడు. నేనేమనుకున్నానంటే, రాష్ట్రపతి గురించి పుస్తకాల్లో ఉంది, కావాలంటే ఎవరైనా తీసి చదువుకోవచ్చు. దొడ్డమ్మ గురించి ఎక్కడా లేదు. అందుకే గోడ ఉండాలి, అందుకే ఈ పోస్టూ ఉండాలి.

మా వల్ల జరిగిన తప్పు ఒకటి ఉంది. ఇన్ని మీటింగులు పెట్టుకున్నాం గానీ వీధి కింది కొసవాళ్ళని పిలవడం మర్చిపోయాం. మర్చిపోయాం అంటున్నాను గానీ అలా మర్చిపోవడం ఎప్పట్నుంచో అలవాటైపోయింది మాకు. ఎనిమిది నెలలు గడిచాక వాళ్ళలో ఒకావిడ జిరాక్స్ కోసం వచ్చి, దొడ్డమ్మ పేరు పెడుతున్నారట కదా బావూ, మా ఇరవై రూపాయలు తీసుకోరా అంది. నేను తలెత్తలేకపోయాను. ఆ సాయంత్రమే అందరం వెళ్ళాం. అక్కడ ఒక ఇంట్లో పాత ఇటుక ఇంకా ఉంది, సున్నం గీతతో, తులసి కోట పక్కన పెట్టుకున్నారు.

లిపి దగ్గర చిన్న పేచీ వచ్చింది. ఆవిడ తెలుగు మనిషి, తెలుగు పైన ఉండాలని మావాళ్ళు. రాష్ట్రం ఒడిశా, ఒడియా పైన ఉండాలని అటువాళ్ళు. నా మనసులో తెలుగే పైన ఉంటే బాగుండునని ఉంది, దాచను. అప్పుడు మౌసా అన్నాడు, ఆవిడ ముసలితనంలో అక్షరాలు దిద్దుకుని మా భాషలోకి వచ్చింది, మా పేరు పైనుంటే అది ఆవిడ ఎక్కిన మెట్టు అనుకోండి, గోడ నాది, రంగు మీది, సైజు మాత్రం రెండూ ఒకటే ఉండాలి. రోడ్డు మీద స్తంభం పాతితే పర్మిషన్ కావాలి, సొంత గోడ మీద రాసుకుంటే ఏ ఇబ్బందీ లేదు, ఆ ఉపాయం కూడా ఆయనదే.

28 సాయంత్రం దాకా వాన. పెయింటరు ఒడియా అబ్బాయి, మంచి చెయ్యి, తెలుగు అక్షరం ముక్క రాదు. నేను ప్రింటు తీసి ఇచ్చిన కాగితం చూసి బొమ్మ గీసినట్టు గీశాడు. వాన తెరిపి ఇచ్చిన గంటలో హడావిడిగా రాయడంతో దొడ్డమ్మలో డ కింద ఒత్తు పడలేదు, దొడమ్మ అయింది. పక్కన ముప్ఫై మంది నిలబడి ఉన్నాం, ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. ఆ నర్సు, ఆవిడ దగ్గర తెలుగు నేర్చుకున్న పిల్ల, నైట్ డ్యూటీకి వెళ్తూ స్కూటీ ఆపి చూసి, ఒత్తు లేదు అంది. బ్రష్ తీసుకుని తనే పెట్టింది. దగ్గరికెళ్ళి చూస్తే ఆ ఒత్తు మిగతా అక్షరాల కంటే కాస్త సన్నంగా ఉంటుంది.

మర్నాడు పొద్దున్న ఉపన్యాసాలు పెట్టలేదు. కొడుకులిద్దరూ వచ్చారు. అమ్మకి ఇలాంటివి ఇష్టం ఉండవు అని మొదట్నుంచీ అంటున్న చిన్నవాడు గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు, ఏమీ అనలేదు, వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. అందరికీ అటుకులు, బెల్లం పంచాం. పిల్లల్ని పిలిచి కింది వరస చదవమన్నాను. పద్నాలుగు మంది పిల్లల్లో ఇద్దరు చదివారు. మిగతావాళ్ళు పై వరస చదివి, కింద కూడా అదేనా అని అడిగారు. అవును, అదే. ఆదివారాలు సాయంత్రం నాలుగింటికి నర్సమ్మాయికి డ్యూటీ లేకపోతే మౌసా అరుగు మీద తెలుగు అక్షరాలు చెబుతానంది. డ్యూటీ ఉన్న ఆదివారాలు నేను చెబుతాను. నా కొడుకు మొదటి ఆదివారం వచ్చాడు.

చందాల్లో ఆరు వందల నలభై రూపాయలు మిగిలాయి, నీలం రంగు అర డబ్బా, తెలుపు కొంచెం మిగిలాయి. డబ్బులు కింది కొసన ఇటుక దాచుకున్న ఇంట్లో ఉన్నాయి, రంగులు నా షాపులో జిరాక్స్ మిషన్ వెనక ఉన్నాయి. ఈ వానలకి రంగు ఎక్కడైనా పొక్కినట్టు కనిపిస్తే వచ్చి చెప్పండి. యాత్రకి ముందు ఎలాగూ ఒకసారి మళ్ళీ పూయిస్తాం.